కార్డుల వెనకవైపు

లైబ్రేరియన్‌ గారిని ఆడపడుచు వదినా అని పిలిస్తే వింతేం లేదు. పుస్తకాల కోసం వచ్చే తలనెరిసిన దర్జీ కూడా అలాగే పిలుస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ హాల్లో ఆవిడ గీసిందే గీత. పుస్తకం పేరు తెలియకుండా వచ్చినవాడు కూడా పుస్తకంతోనే వెళ్లాలన్నది ఆవిడ పంతం.

ఇప్పుడా పుస్తకాల జాబితానంతా కంప్యూటర్లోకి ఎక్కించారు. దానికి హోమ్ పేజీ తయారుచేసే పని ఎవరికి పడిందయ్యా అంటే, సాక్షాత్తూ ఆ ఆడపడుచుకే. వదిన గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పేజీ బాగుంటే తన ఉద్యోగం గోవిందా, బాగోకపోతే ఇంటి పరువు గోవిందా.

నెల్లాళ్లకి పేజీ తయారైంది. పైన హాలు ఫొటో, మధ్యలో వెతుక్కునే పెట్టె, కింద వరసగా పుస్తకాల అట్టలు.

"ఎలా ఉంది వదినా?"

"పెళ్లికూతుర్ని చేసినట్టు చేశావు. మాట్లాడుతుందా మరి?"

"నీ అంత మాట్లాడదులే. అదే దాని గొప్ప."

వదిన మూతి తిప్పుకుంది గానీ, లోపల నవ్వొచ్చింది.

శనివారం పాఠకుల్ని పిలిచి పేజీని పరీక్షకి పెట్టారు. ముందు దర్జీ కూర్చుని, ఒంటివేలితో టైపు చేశాడు: 'నీలం అట్ట. తప్పిపోయిన తమ్ముడు చివర్లో దొరుకుతాడు.' పెట్టె ఏ మొహమాటమూ లేకుండా 'ఫలితాలు లేవు' అంది. తర్వాత ఒక నర్సు వచ్చి 'మా అమ్మ చదివి ఏడ్చిన నవల' అని కొట్టింది. ఆవిడకీ అదే జవాబు.

"పేరో రచయితో కొట్టాలండీ," అంది ఆడపడుచు, పాలిపోయిన మొహంతో.

"పేరు తెలిస్తే ఇంత అవస్థ ఎందుకమ్మా?" అన్నాడు దర్జీ.

వదిన చేతులు కట్టుకుని నిలబడింది. నిజం చెప్పొద్దూ, ఆవిడకి సంతోషంగానే ఉంది. సంగతేమిటో ఆవిడకి తెలుసు. ప్రతి పుస్తకానికీ సొరుగులో ఒక కార్డు ఉంటుంది. దాని ముందువైపు పేరు, రచయిత. వెనకవైపు, ఆ పుస్తకాన్ని పాఠకులు ఏమని అడుగుతారో వదిన పెన్సిల్‌తో రాసుకుంది: 'నీలం అట్ట', 'వానలో ఉత్తరం', 'కుక్క చచ్చిపోని కథ'. కంప్యూటర్లోకి ఎక్కించడానికి కార్డుల్ని స్కాను చేసినవాళ్లు ముందువైపే తీశారు. వదిన చూస్తూనే ఉంది, నోరు మెదపలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వదినెందుకు పెడుతుంది?

ఇంతలో దర్జీ లేచి కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు. "పోనీలెండి. పాతదైపోయిందని తీసేసి ఉంటారు," అంటూ గుమ్మం వైపు నడిచాడు. చేతిలో ఏమీ లేదు.

వదిన ప్రాణం ఉసూరుమంది. ఆ వెనక రాతలు ఇచ్చేస్తే తనకి తెలిసిందంతా పెట్టెకి తెలిసిపోతుంది. ఆ తర్వాత తనతో ఎవరికి పని? ఆ భయం ఆవిణ్ణి నెల్లాళ్లుగా తినేస్తోంది. కానీ ఆ ఖాళీ చేతిని చూడటం అంతకంటే కష్టమైంది.

"ఆగండి!" అని దర్జీని కేకేసి, సొరుగు లాగి, ఒక కార్డు తిరగేసి ఆడపడుచు ముందు పెట్టింది.

ఆడపడుచు చదివింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. "వదినా! ఇవన్నీ దగ్గర పెట్టుకుని నాచేత మూడు చెరువుల నీళ్లు తాగించావా?"

"నువ్వడిగావా?"

"కార్డుకి వెనకవైపు ఉంటుందని ఎవరికి తెలుసు!"

"మీ అన్నయ్యకి చెల్లెలివేగా. కళ్లెదురుగా ఉన్నది తప్ప చూడరు మీ ఇంట్లో." అని, సొరుగు మీద చెయ్యేసి అడిగింది వదిన. "ఇవి ఇచ్చేస్తే ఇక నాకేం మిగులుతుందే?"

ఆడపడుచు చేతిలోని కార్డు కింద పెట్టింది. "తెలీదు వదినా," అంది.

వదిన సొరుగు మొత్తం ఊడదీసి ఆమె చేతికిచ్చేసింది. తర్వాత వెళ్లి ఆ నీలం అట్ట పుస్తకం తెచ్చి దర్జీ చేతిలో పెట్టింది.

వారమంతా ఇద్దరూ కూర్చుని వెనక రాతలన్నీ ఎక్కించారు. మళ్లీ శనివారం దర్జీ వచ్చి, పెట్టెని పరీక్షించడానికి పోయినసారి కొట్టిందే కొట్టాడు. ఈసారి అయిదు పుస్తకాలు వరసగా వచ్చాయి. దర్జీ వాటిని పైనుంచి కిందికి చూసి, కుర్చీ వెనక్కి తిప్పాడు.

"నాది రెండోది, దొరికింది. మిగతా నాలుగూ నేనెప్పుడూ చూడలేదు వదినగారూ. వీటిల్లో ఏది చదవమంటారు?"

వదిన గబగబా ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ముందు ఆ మూడోదాని జోలికి పోకండి," అని మొదలుపెట్టింది. అరగంటైనా లేవలేదు.