తొమ్మిది చోట్ల జరుగుతున్న పని

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అంటారు. ఏ పరిశోధనకు ఎవరు డబ్బిస్తున్నారో జనమంతా చూసుకునేలా ఆ ఆఫీసు ఒక వెబ్‌సైటు నడుపుతోంది. డబ్బిచ్చే సంస్థలు వివరాలు పంపుతాయి, కత్తెర వాటిని సైటులోకి ఎక్కిస్తుంది. ఒకే పని రెండుసార్లు పడితే ఒకదాన్ని కత్తిరించడం ఆమె ఉద్యోగం. కత్తిరించకుండా చూడటం పెద్దసారు ఉద్యోగం. మొత్తం పరిశోధనలెన్నో సైటు మొదటి పేజీలో లావుపాటి అంకెల్లో ఉంటుంది, అది తగ్గిన రోజున ఆయనకు అన్నం సయించదు.

ఇంత చేసి ఆ సైటును చూసేదెవరయ్యా అంటే, కత్తెరకు తెలిసి రోజూ చూసే మనిషి ఒక్కరే. ఆమె సొంత అక్క.

అక్క కారు నడపడం నేర్పేది. రెండు కళ్లకూ చూపు అంచుల నుంచి మూసుకొచ్చే జబ్బు పట్టుకుంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కనున్నది కనబడదు. పక్కసీట్లో స్టీరింగు పట్టుకున్న శిష్యుడు కునుకు తీస్తున్న సంగతి తనకు తెలియలేదని తెలిసిన రోజున, తాళాలు తెచ్చి బల్లమీద పెట్టేసింది. మందు లేదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. పరిశోధనలైతే జరుగుతున్నాయని కూడా అన్నాడు. అక్క ఆ రెండో మాట పట్టుకుని కూర్చుంది. సాయంత్రం టీ తాగుతూ సైటు తెరిచి, జబ్బు పేరు కొట్టి, వచ్చిన తొమ్మిది వరసలనూ తల దించుకుంటూ ఒక్కొక్కటే చదివేది. ఆమె చూపులో ఒకసారికి ఒక వరసే పడుతుంది మరి.

"తొమ్మిది చోట్ల చేస్తున్నారే. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా" అనేది. బావ తలూపేవాడు. ఆయన దేనికైనా తలూపుతాడు.

ఎంతవరకు వచ్చిందో ఆ తొమ్మిది మందినీ అడగమని అక్క ప్రాణం తీస్తుంటే, కత్తెర ఒక బుధవారం భోజనాల వేళ ఫోను పట్టుకుంది. మొదటి సంస్థ వాళ్లు ఆ పని చేస్తున్న ప్రొఫెసరు నంబరిచ్చారు. ఆయన మర్యాదగా మాట్లాడాడు. తర్వాత రెండో సంస్థ ఇచ్చిన నంబరు కలిపింది.

"ఇందాకే చెప్పాను కదమ్మా" అన్నాడు అదే ప్రొఫెసరు.

"మీరు వాళ్ల దగ్గర కూడా ఉన్నారా సార్?"

"నేను నా దగ్గరే ఉన్నాను. మూడోది కూడా చేసుకోండి, పర్వాలేదు. నాకిప్పుడు ఖాళీయే."

తొమ్మిదీ ఆయనే. ఒక సంస్థ ఫ్రిజ్ ఇచ్చింది, ఇంకొకటి ఆ ఫ్రిజ్‌కు కరెంటు, మరొకటి సహాయకురాలికి సగం జీతం. ఎవరికి వాళ్లు మొత్తం పని తమదే అన్నట్టు ఒక్కో పేరు పెట్టి పంపించారు. డబ్బిచ్చేవాళ్లకు అదొక అలవాటు, గుమ్మానికి రంగు వేయించినా ఇల్లు కట్టించామనే రాస్తారు.

"మరి ఖాళీ ఏంటి సార్?"

"డబ్బులైపోయాయి. పదో సంస్థను అడిగాను. వాళ్లు మీ సైటే తెరిచి చూపించారు. దీనిమీద ఇప్పటికే తొమ్మిది మంది పనిచేస్తున్నారు, ఇంక మీరెందుకండీ అన్నారు." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "శుక్రవారంతో దరఖాస్తులు ఆఖరు. నెలాఖరుకు గది ఖాళీ చేసేస్తున్నాను."

కత్తెర ఫోను పెట్టేసి లేచింది. తిన్నగా పెద్దసారు దగ్గరికి వెళ్లి తొమ్మిదినీ ఒకటి చేస్తానంది.

"ఎనిమిది తగ్గుతాయా?"

"తగ్గుతాయి సార్."

"అందింది అందినట్టు పెట్టడమే మన పనమ్మా. పైగా కళ్ల జబ్బంటున్నావు. చూసుకునేవాళ్లు నీరుగారిపోరూ?"

మామూలుగా పెద్దసారు మాటలు ఆమె చెవికెక్కవు. ఈ ఆఖరి మాట మాత్రం ఎక్కి కూర్చుంది. ఆ సాయంత్రం అక్క తొమ్మిది వరసలూ చదువుతుంటే నోరు మెదపకుండా విన్నది. మర్నాడు కూడా మెదిపేది కాదు, అక్కే అడిగింది.

"ఫోన్లు చేశావా?"

చెప్పేసింది. అక్క టీ కప్పు కింద పెట్టింది. బావ తలూపబోయి ఆగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్న నేను చదువుతుంటే తెలిసే వింటూ కూర్చున్నావా?"

"నీ మొహం చూస్తే నోరు రాలేదక్కా."

అక్క ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు, బావ వెళ్లి చల్లారిన టీ మళ్లీ వేడి చేసుకొచ్చాడు. ఆమె మొహం తుడుచుకుని చెల్లెలి వైపు తిరిగింది.

"నామీద జాలితో ఆయన్ని ముంచుతావటే? ఆయన మునిగితే నా కళ్లేం కావాలి? తీసెయ్. ఇప్పుడే, నా ఎదురుగానే."

కత్తెర లాప్‌టాప్ తెరిచింది. పొద్దున్నే మెమో చేతికొస్తుందని ఆమెకు తెలుసు. తొమ్మిదినీ ఒకటిగా కలిపి, డబ్బిచ్చిన సంస్థలన్నిటి పేర్లూ లోపలి పేజీలో చేర్చింది. రేపు మళ్లీ ఆ పదో సంస్థకు వెళ్లి వాళ్లచేతే సైటు తెరిపించమని ప్రొఫెసరుకు ఫోను చేసి చెప్పింది.

అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని జబ్బు పేరు కొట్టింది. ఒక్క వరస వచ్చింది. అలవాటు కొద్దీ తల దించింది, కింద ఏమీ లేదు. తల ఎత్తి, కదలకుండా దానివైపే చూస్తూ ఉండిపోయింది.

"బాధగా ఉందా అక్కా?"

"ఉంది" అంది అక్క. "కానీ మొత్తం ఒకేసారి కనబడుతోందే."