కిటికీ గుమాస్తా

కుళాయిల ఆఫీసు పాత భవనంలో ఆయన్ని అందరూ ఉరుముగారనేవాళ్లు. తప్పంతా ఆయనదే అనలేం, సగం ఆ భవనానిది. గుమాస్తా కిటికీకి మసిబారిన అద్దం, దాని అడుగున చెయ్యి పట్టేంత సందు. జనం నడుం వంచి ఆ సందులోకి మాట్లాడాలి. వాళ్లకి వినపడాలంటే ఈయన అరవాలి. అరిచి అరిచి అరవడమే ఉద్యోగమనుకున్నాడు పాపం. మొహాలెరగడు, చేతులే ఎరుగును.

కొత్త భవనం కట్టిన ఇంజనీరమ్మకి దణ్ణం పెట్టాలి. గుండ్రటి బల్లలు, వాటికి అటూ ఇటూ ఒకే ఎత్తు కుర్చీలు, ఎత్తైన కిటికీల్లోంచి నేలదాకా పడే వెలుగు. గొంతు పెంచితే చాలు, హాలంతా చుట్టి మన చెవికే వచ్చి తగులుతుంది. మొదటిరోజు ఉరుముగారు అలవాటుగా ఒక్క అరుపు అరిచి, తనే ఉలిక్కిపడ్డాడు.

"అద్దం లేకపోతే మనకి విలువేముంటుందండీ? నెత్తికెక్కి కూర్చుంటారు" అని పెద్దాఫీసరు దగ్గర మొత్తుకున్నాడు. ఆవిడ విసుగెత్తి, "సరే, మీ బల్లకి మాత్రం పెట్టించుకోండి" అంది.

ఇవాళ వడ్రంగి అద్దం తెచ్చి బల్ల కొలుస్తున్నాడు. అంతలో ఒకావిడ వచ్చి, ఏ సందూ లేకపోయినా అలవాటుగా నడుం వంచి నిలబడింది.

"కూర్చోండమ్మా" అన్నాడు. గొంతు దానంతటదే తగ్గింది.

ఆవిడ తలెత్తింది. ఎవరో కాదు, వాళ్ల వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ. తన ఒంటిమీది చొక్కా ఆవిడ చేతి మడతే.

"అయ్యో, మీరా బాబుగారూ! ఇక్కడ పనిచేస్తారని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని. మా ఆయన పోయాక కుళాయి నా పేరుకి మార్పించుకుందామని రెండుసార్లు వచ్చాను. కిటికీలో ఒకాయన కసిరి పంపేశాడు. ఆ భయానికి మళ్లీ రాలేదు. పేరు మారలేదని కుళాయి కట్టేశారు, నీళ్లు పక్క వీధి నుంచి మోసుకుంటున్నాను."

కాగితాలు ముందుకు తోసింది. బొటనవేలి మీద కాలిన మచ్చ. ఆ చెయ్యి ఆయనకి బాగా తెలుసు. ఆ చేతి మీదే అరిచాడు, రెండుసార్లూ.

సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. కాగితాలు తీసుకుని, అక్కడికక్కడే సంతకం చేసి, ముద్ర వేశాడు.

"రేపటికల్లా నీళ్లొస్తాయమ్మా."

వడ్రంగి టేపు చుట్టి, "ఎక్కడ బిగించమంటారు సార్?" అన్నాడు.

"అక్కర్లేదు. పట్టుకుపో."

ఆవిడ కళ్లు తుడుచుకుని, హాలంతా ఓసారి చూసి, బల్ల మీదికి వంగి రహస్యంగా అడిగింది.

"ఆ కిటికీ ఆయన ఇంకా ఉన్నాడా బాబూ?"

"లేడమ్మా" అన్నాడు. "బదిలీ అయిపోయాడు."