తెగిన అడుగు

మున్సిపల్ ఆఫీసులో ఇళ్లు కొలిచే గుమాస్తాను అందరూ టేపాయన అంటారు. ఇరవై ఏళ్లుగా ఆయనది ఒకటే టేపు. దాని మొదటి అడుగు ఎప్పుడో తెగిపోయింది. కొత్తది అడిగితే బడ్జెట్ లేదన్నారు. ఊరందరి దగ్గరా పన్ను వసూలు చేసే ఆఫీసుకు టేపు కొనే దిక్కు లేదు! ఆయనే సర్దుకున్నాడు. ఒకటో అంకె నుంచి కొలిచి, రాసేటప్పుడు ఒక అడుగు తీసేసేవాడు.

ఈ ఏడు ఊరంతా మూడు నెలల్లో కొలిచెయ్యాలన్నారు. త్వరగా తెములుతుందని ఆయన అంకె పైకి చదివితే, పక్క సెక్షన్ గుమాస్తా రాసుకుంటూ పోయాడు. ఒకటి తియ్యాలని ఆయన చెప్పలేదు. ఊపిరి పీల్చమని ఎవరికైనా చెబుతామా?

ఆ రోజు పదకొండు గంటలకు బడ్జెట్ సమావేశం. పదింపావుకు ఒక తాపీమేస్త్రి పన్ను నోటీసుతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

“అయ్యా, నా గది పదికి పది. మీరేమో పదకొండుకి పదకొండు రాశారు. నా చేత్తో కట్టుకున్న ఇల్లు. రాత్రికి రాత్రి గోడలు జరిగాయా?”

టేపాయన నవ్వబోయాడు. అంతలోనే ఆ తెగిన అడుగు గుర్తొచ్చింది. రిజిస్టరు తెరిచి పాత కొలతలతో పోల్చి చూశాడు. ఒక ఇల్లు, రెండో ఇల్లు, పదో ఇల్లు. ఎక్కడా ఒకటి తియ్యలేదు. వంద చదరపు అడుగుల గదికి నూట ఇరవై ఒక్క చదరపు అడుగుల పన్ను పడింది. రేటు పెంచకుండానే రాబడి పెంచామని చైర్మన్ వారం రోజులుగా మీసం మెలేస్తున్నది ఇది చూసుకునే.

పరుగున వెళ్లి చెబితే రెవెన్యూ ఆఫీసరు మొదట గది తలుపు మూశాడు.

“కొరివితో తల గోక్కోకండి. బడ్జెట్ అచ్చయిపోయింది. ఆ డబ్బు మురుగుకాలవలకి రాసేశారు కూడా. మీకున్నది రెండు నెలల సర్వీసు. ఇది బయటపడితే పెన్షన్ ఆగిపోతుంది. ఆ మేస్త్రిది ఒక్కటీ దిద్ది పంపించెయ్యండి.”

టేపాయనకు నిజంగానే భయమేసింది. పెన్షన్ తప్ప ఇంటికి మరో ఆధారం లేదు. తిరిగొచ్చి, తల ఎత్తకుండా నోటీసు మీద పదికి పది అని దిద్దాడు.

“మీ పని అయింది మేస్త్రీ, వెళ్లిరండి.”

మేస్త్రి కదల్లేదు. “మా పక్కింటావిడదీ చూడండయ్యా. అదీ నేను కట్టిందే, ముందుగది పదికి పదే.”

“ఆవిణ్ణే రమ్మనండి.”

“రాదయ్యా. పన్ను కట్టలేక ముందుగది అద్దెకిచ్చేసి, వంటింట్లో పడుకుంటోంది. కొలత తప్పమ్మా, వెళ్లి అడుగుదాం రా అంటే నామీదే లేచింది. టేపాయన కొలిచాక తప్పెలా ఉంటుంది, నువ్వే సరిగ్గా కొలిచి కట్టుండవు అంది.”

టేపాయనకు తల కొట్టేసినట్టయింది. తనను తిట్టి ఉంటే బాగుండేది. రిజిస్టరు మళ్లీ తెరిచి, ఆ వీధి ఇళ్లన్నీ ఒక్కొక్కటే లెక్కేశాడు. పదకొండు దాటింది. రిజిస్టరు చంకన పెట్టుకుని లేచాడు.

హాల్లో చైర్మన్ రాబడి పద్దు చదువుతున్నాడు. రెవెన్యూ ఆఫీసరు వద్దని కళ్లతోనే సైగ చేశాడు. టేపాయన చూడనట్టే ముందుకు నడిచాడు.

“అయ్యా, ఆపండి. ఆ లెక్క తప్పు. కొలిచింది నేనే.”

చైర్మన్ కళ్లజోడు తీశాడు. “ఎన్ని ఇళ్లు?”

“అన్నీ” అన్నాడు టేపాయన.