పోలమ్మ వాకిట్లో ఎండపెట్టె

ఎండపెట్టె అంటే నేనే. చేపలు ఎండబెట్టడానికి పుట్టాను. నల్లరంగు పూసిన రేకు ఒళ్ళు, పైన అద్దం మూత, సోలార్ కరెంటుతో తిరిగే చిన్న ఫ్యాను. నా బొమ్మ గీసింది జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు. రేకు వంచి అతికింది విశాఖలోని మరో విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో. రెండు దేశాల చదువు కలిసి కన్న బిడ్డనని నాకు కొంచెం గర్వం ఉండేది.

నన్ను భీమిలి అవతల ఒక చేపలపేటలో, మైలపల్లి పోలమ్మ వాకిట్లో దింపింది సుభాషిణి. ఆమె పరిశోధక విద్యార్థిని. డాక్టరేటు నా మీదే. ఇసుకలో మూడు రోజులు ఎండే కానాగంత చేపలు నాలో ఒక్క రోజులో ఎండిపోతాయని, ఈగ వాలదని, కుళ్ళి పారేసే చేప తగ్గుతుందని చెప్పి వెళ్ళింది.

మొదటి విడత చేప సంతకెళ్ళి తిరిగొచ్చింది. నాలుగో నాటికే కంపు కొట్టిందట. పోలమ్మ తట్ట దింపి, ఒక చేపను రెండుగా విరిచి వాసన చూసింది. మర్నాటి నుంచి మిట్టమధ్యాహ్నం కాగానే నా అద్దం మీద గోనెపట్టా కప్పడం మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎండ కోసం పుట్టినదాన్ని ఎండకు దాచడమేమిటి?

పది రోజులకు సుభాషిణి వచ్చి, నాలోని వేడిని నమోదు చేసే మీటరు చూసింది. రోజూ పన్నెండింటికి వేడి పడిపోయి ఉంది. ఆమె మొహం పాలిపోయింది. నా పనితనం చూడ్డానికి జర్మనీవాళ్ళు ఎల్లుండే వస్తున్నారు.

"ఎందుకు కప్పారు పోలమ్మ గారూ? నా లెక్కలన్నీ పాడైపోయాయి."

"లెక్క పాడైతే మళ్ళీ రాసుకుంతావు పాపా. సేప పాడైతే ఏటి సేత్తాను?" అంది పోలమ్మ. "నీ పెట్టి తొందర పడతంది. పైన సెక్కలాగ బిగిసిపోతాది, లోన నీరు లోనే ఉండిపోతాది. సేప నెమ్మదిగా ఎండాల."

సుభాషిణి తన గైడుకు ఫోన్ చేసింది. కప్పిన రోజులు లెక్కలోంచి తీసెయ్యమన్నారాయన. వాడినవాళ్ళ పొరపాటని ఒక్క వాక్యం రాస్తే చాలన్నారు. ఆమె సరేనంది. ఫోన్ పెట్టేశాక మాత్రం పోలమ్మ మాట నిజమేమో చూడాలనుకుంది. సంత నుంచి తిరిగొచ్చిన చేపనూ, గోనె కింద ఎండిన చేపనూ పక్కపక్కన పెట్టి కోసింది. ఒకటి లోపల బురదలా ఉంది. రెండోది నడిమి ముల్లు దాకా పొడిగా ఆరింది.

జర్మనీవాళ్ళు గైడుతో కలిసి వచ్చినప్పుడు వాళ్ళ ముందు అలాంటి చేపలే రెండు కోసి పెట్టింది. "తప్పు మన పెట్టెది. సరిచేసింది ఈవిడ," అంది పోలమ్మను చూపిస్తూ. గైడు నేల చూపులు చూశారు. అతిథుల్లో పెద్దావిడ మాత్రం చేప ముక్కను వేలితో నొక్కి, ఏ వేళకు కప్పాలో ఎలా తెలుస్తుందని సుభాషిణి చేత అడిగించింది. పోలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నా అద్దం మీద ఆనించింది.

"ఓర్సుకున్నంతసేపు ఎండనీ. సెయ్యి తీసేసినావంటే కప్పెయ్."

ఆవిడ చటుక్కున చెయ్యి తీసేసుకుంది. అందరూ నవ్వారు. నాకే సిగ్గేసింది.

నా తర్వాత పుట్టిన పెట్టెలకు మధ్యాహ్నం అద్దం మీదికి వాలే రేకు రెప్పలు పెట్టారు. లెక్కలన్నీ మళ్ళీ మొదలుపెట్టడంతో సుభాషిణి డాక్టరేటు ఏడాది వెనక్కి పోయింది. పరిశోధన వ్యాసం అచ్చయ్యాక ఆ కాగితం తెచ్చి, రాసినవాళ్ళ వరసలో పోలమ్మ పేరు చూపించింది.

"నాకు అచ్చరం ముక్క రాదు. నా పేరెందుకు పాపా, నీ పెట్టి తప్పు సెప్పినందుకా?"

"అవునండీ. అందుకే."

పోలమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

ఆమె చెప్పిన ఆ తప్పు నేనే. అయినా నన్ను పాత ఇనుముకు వెయ్యలేదు. అద్దం ఊడదీసి, అడుగున గడ్డి పరిచింది. ఇప్పుడు నాలో ఒక కోడి పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. ఎంత వేడి చాలో దానికెవరూ చెప్పలేదు. దాన్ని చూసి నేను నేర్చుకుంటున్నాను.