గట్టన్న ఆదివారం

చరిత్రలో అందరికంటే గట్టి మగాడు ఎవడు? ఈ ప్రశ్న మీద ఆ కట్టడం దగ్గర పనిచేసేవాళ్లు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మొదలుపెట్టిన మహానుభావుడు కడ్డీల మేస్త్రీ. ఇనుప కడ్డీలు వంచుతూ వంచుతూ ఒకనాడు బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. గుడ్డపీలిక చుట్టుకుని, పళ్లు బిగించి పని కానిచ్చేసి, "నాకంటే గట్టోడు ఎవడైనా పుట్టాడేంట్రా ఈ భూమ్మీద?" అన్నాడు.

పక్కనే తీగలు లాగుతున్న కరెంటాయన వింటూ ఊరుకునే రకం కాదు. ఆయనకు చరిత్ర పిచ్చి.

"ఎడారిలో సైన్యమంతా దాహంతో అల్లాడుతుంటే, తనకోసం తెచ్చిన గుక్కెడు నీళ్లు అందరి ముందూ పారబోశాడట అలెగ్జాండరు. అదీ గట్టితనమంటే. నీది గట్టితనం కాదు, పరాకు," అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి భోజనాల వేళ ఇదే గోల. మేస్త్రీ పై అంతస్తులో కడ్డీల నీడన, కరెంటాయన కింద నేలమాళిగలో, లోడు కట్టించి క్రేనుకు సైగలు చేసే సిగ్నలతను గేటు దగ్గర, ఎవరి డబ్బా వాళ్లు విప్పుకుని వాకీటాకీల్లో వాదించుకునేవారు. ఆ సెట్లు పని మాటలకే వాడాలని ఇంజనీరుగారి ఆజ్ఞ. ఇంజనీరుగారు భోజనానికి వెళ్లగానే ఆజ్ఞ కూడా ఆయన వెంటే వెళ్లిపోయేది. పురాణాల వాళ్లు చెల్లరు, సినిమాల వాళ్లు చెల్లరు అని కరెంటాయన రూలు పెట్టాడు. మేస్త్రీ వాళ్ల తాత ఎద్దు కొమ్ములు విరిచిన కథ చెప్పాక, ఎవరి తాతలూ చెల్లరని ఇంకో రూలు చేర్చాడు.

నాలుగో సెట్టు అందరికంటే పైన, క్రేను నడిపే ఆయన దగ్గర ఉండేది. పొద్దున నిచ్చెన ఎక్కి ఆ అద్దాల గదిలో కూర్చుంటే మళ్లీ సాయంత్రమే దిగడం. భోజనానికి దిగి ఎక్కాలంటే ఆ వేళంతా నిచ్చెన మీదే చెల్లిపోతుంది కనుక, డబ్బా పైకి పట్టుకెళ్లి ఒంటరిగా తినడం క్రేనువాళ్లందరికీ అలవాటే. కిందవాళ్లకు ఆయన ముఖంకన్నా గొంతు బాగా తెలుసు. ఆయనకూ అంతే. పైనుంచి చూస్తే మనుషులు ఉండరు, టోపీలే ఉంటాయి.

ఆయన్ని అందరూ గట్టన్న అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో వింటే ఒళ్లు మండాలి. భార్య పోయిన వారం తిరక్కుండానే వచ్చి నిచ్చెన ఎక్కేశాడు. కంట తడి లేదు, నోట మాట లేదు. "అబ్బ, ఏం గుండెరా ఆయనది!" అని కిందవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఇంట్లో ఎలా ఉంటున్నావన్నా అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. గట్టన్న అని పేరు పెట్టేసి చేతులు దులుపుకున్నారు.

ఆయన వచ్చింది ఇంట్లో ఉండలేక. పిల్లల్లేరు. ఆవిడ ఉన్నన్నాళ్లూ భోజనాల వేళకు ఫోన్ చేసేది.

"తిన్నారా?"

"ఆఁ."

"ఆఁ అంటే తిన్నట్టా, తింటున్నట్టా?"

ఇంతే వాళ్ల కబుర్లు. ఇంత మాటలో ఏముందని ఆ రోజుల్లో ఆయనా అనుకున్నాడు. ఇప్పుడు ఆ వేళకు ఫోన్ మోగదు. సెట్లో ఈ మగాళ్ల గోల వినపడుతుంది. గట్టన్నకు చరిత్రంటే ఏ ఆసక్తీ లేదు, ఎవడు గెలిచినా ఆయనకు ఒకటే. మనుషుల గొంతులు చెవిన పడితే చాలు, ముద్ద గొంతు దిగేది.

ఆదివారంతోనే వచ్చింది చావు. ఆ రోజు సెట్టు ఉండదు. టీ కాచుకుంటాడు, చల్లారిపోయాక గుర్తొస్తుంది. కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏం కనపడదు. సాయంత్రందాకా నోట్లోంచి ఒక్క మాట రాదు. ఒక ఆదివారం అసలు గొంతు ఉందో పోయిందో చూసుకుందామని గోడ గడియారంలో టైమెంతయిందో పైకి చదివాడు. తన గొంతు తనకే ఎవరిదో అనిపించి భయం వేసింది.

చివరికి ఒక శనివారం వచ్చింది, క్రేనుకు ఆఖరి రోజు. కట్టడం పూర్తి కావచ్చింది, సోమవారం క్రేను విప్పేవాళ్లు వస్తారు. గట్టన్నను ఇంకెక్కడికో వేస్తారు. అక్కడ ఏ గొంతులుంటాయో, అసలు ఉంటాయో ఉండవో. అందుకే పొద్దున నిచ్చెన ఎక్కుతూ ఒకటే అనుకున్నాడు. దిగేలోపల మేస్త్రీని ఒక్క మాట అడిగెయ్యాలి. 'తమ్ముడూ, రేపు మీ ఇంటికి రానా?' మేస్త్రీకి పెళ్లాం, పిల్లలు, పెద్ద నోరున్న తల్లి. ఇల్లు కాదు, సంతరా నాయనా అని సెట్లో తిట్టుకుంటూ ఉంటాడు. ఆ సంతలో ఒక మూల కుర్చీ వేస్తే చాలు గట్టన్నకు. ఎవరూ తనతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

భోజనాల వేళ అయింది. కరెంటాయన చరిత్రలోంచి కొత్త మనిషిని బయటికి తీశాడు.

"వినండ్రా. భూమికి అడుగున ఉన్న మంచు ఖండంలో ఒక డాక్టరు. కడుపులో పేగు వాచింది. ఇంకో డాక్టరు లేడు, వచ్చే దారీ లేదు. ఏం చేశాడో తెలుసా? తన కడుపు తనే కోసుకుని, ఆ పేగు తీసేసి, కుట్లు వేసుకున్నాడు. మెలకువగా ఉండి!"

"కోతలు కొయ్యకు," అన్నాడు మేస్త్రీ.

"కోసింది నేను కాదు, ఆయన. ఫొటోలు కూడా ఉన్నాయి."

"పక్కన ఎవరూ లేరా పాపం?" అని సిగ్నలతను అడిగాడు.

"ఉన్నారు. డాక్టర్లు కాదులే. ఒకడు బళ్లు నడిపేవాడు, కడుపు కనపడేలా అద్దం పట్టుకున్నాడు. ఇంకొకడు కత్తులూ అవీ అందించాడు."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"సరే, మీ డాక్టరు గట్టోడే. కానీ అంత దూరం ఎందుకురా? మన నెత్తిమీదే కూర్చున్నాడు ఒకడు. పెళ్లాం పోయిన బాధ దిగమింగి, ఒక్కరోజు కూడా ముఖం ముడుచుకోకుండా బరువులు ఎత్తుతున్నాడు. గట్టన్నను మించినోడు ఉంటే చూపించు!"

"చరిత్రలో ఉండాలని రూలు కదా," అన్నాడు సిగ్నలతను.

"రూలు నాదే. సడలిస్తున్నా," అన్నాడు కరెంటాయన.

పైన గట్టన్న సెట్టు చేతిలోకి తీసుకున్నాడు. ఇదే అదను. మీట నొక్కాడు.

"తమ్ముడూ..."

మీట వదలగానే మేస్త్రీ అందుకున్నాడు. "చెప్పన్నా! నీ మాట కోసమే చూస్తున్నాం!"

"ఏం లేదులే. మంచి కాలక్షేపం చేస్తున్నారు."

ఛ! ఇంతింత ఇనుప దూలాలు ఆడుతూ పాడుతూ ఎత్తే మనిషికి అంత చిన్న మాట లేవలేదు. తనమీద తనకే రోత పుట్టి, సెట్టును కిటికీ గట్టుమీద పడేశాడు. డబ్బా తీసి దాని పక్కన నెట్టాడు. డబ్బా అంచు వెళ్లి సెట్టు మీటమీద బిగిసి కూర్చుంది. మీట నొక్కి ఉన్నంతసేపూ ఇక్కడి మాట అందరికీ వినపడుతుంది గానీ, అవతలివాళ్ల మాట ఇక్కడ వినపడదు. సెట్టు పట్టినవాడెవడికైనా తెలిసిన సంగతే. ఆ వేళ గట్టన్న దానివైపు చూడలేదు. సెట్టు మూగబోతే, కిందవాళ్లు టీకి పోయారనుకున్నాడు.

పైన ఒక్కడే ఉన్నప్పుడు భార్యతో మాట్లాడటం కొన్నాళ్లుగా అలవాటైంది.

"విన్నావుటే? నన్ను చరిత్రలో వేస్తారట," అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఆ డాక్టరుకేం, దొర. అద్దం పట్టుకునే మనిషి పక్కనున్నాడు. నాకెవడున్నాడే? ఏడుపు రావడం లేదనుకుంటున్నారు వీళ్లు. ఎవరి ముందు ఏడవమంటావు? ఆ ఎదురింటి గోడ ముందా? రేపు మళ్లీ ఆదివారం. పొద్దున లేచి ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. మేస్త్రీని అడుగుదామనుకున్నా, రేపు మీ ఇంటికి రానా అని. నోరు పెగల్లేదు. ఏమనుకుంటాడో! గట్టన్న వచ్చి మా ఇంట్లో కూర్చుని ఏడ్చాడని నలుగురికీ చెప్తాడేమో. చెప్పినా సరేనే. రమ్మంటే చాలు. తిన్నావా అని ఎవరైనా ఒక్కరు అడిగితే చాలు."

అక్కడితో మాట ఆగిపోయింది. మోకాళ్లమీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నేలమాళిగలో వినపడింది, గేటు దగ్గర వినపడింది, పై అంతస్తులో కడ్డీల నీడన వినపడింది.

కళ్లు తుడుచుకుని డబ్బా తియ్యబోతే సెట్టుమీద ఎర్రదీపం వెలుగుతోంది. అంటే ఇందాకటినుంచీ మీట నొక్కే ఉంది. డబ్బా పక్కకు లాగాడు, దీపం ఆరింది. ఇప్పుడు సెట్లో ఎవరైనా మాట్లాడవచ్చు. చాలాసేపటికి సిగ్నలతని గొంతు వచ్చింది.

"అన్నా... లోడు రెడీ. పైకి. మెల్లగా."

ఆ గొంతు అంత మెత్తగా ఎప్పుడూ లేదు. గట్టన్న సిగ్గుతో చచ్చిపోతూనే బరువులు ఎత్తాడు, దించాడు. అయితే మధ్యాహ్నం గడిచేకొద్దీ సిగ్గు కింద నుంచి ఇంకోటి మొలకెత్తింది. పోనీలే, ఒకందుకు మంచిదే అయింది. విన్నారుగా. ఇక తను అడగక్కర్లేదు, వాళ్లే అంటారు. మేస్త్రీ అసలే నోరు కట్టుకుని ఉండలేని మనిషి. దిగగానే భుజంమీద చెయ్యి వేసి, రేపు మా ఇంటికి రా అన్నా అంటాడు. ఆ చెయ్యి భుజంమీద పడినట్టే అనిపించింది కూడా.

సాయంత్రం ఆఖరిసారి క్రేను ఆపేసి నిచ్చెన దిగాడు. కింద కరెంటాయన తీగలు చుడుతూ నిలబడి ఉన్నాడు. గట్టన్నను చూసి చూపు తీగలమీదికి దించుకున్నాడు.

"అన్నా, మధ్యాహ్నం నా సెట్టు బ్యాటరీ అయిపోయింది. ఏం వినపడలేదు."

నిన్ను ఎవరడిగారు నాయనా? గేటు దగ్గర సిగ్నలతనూ అదే పాట. "నాది కూడా అన్నా. ఉన్నట్టుండి చచ్చిపోయింది." ఒక్క మధ్యాహ్నం, అన్ని బ్యాటరీలూ కూడబలుక్కుని చచ్చాయి. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పెద్దమనిషి పరువు పోకూడదని, ఆయన గట్టితనాన్ని దుమ్ము దులిపి ఆయన చేతికే తిరిగి ఇచ్చేశారు. ఆయనకు అక్కర్లేనిది అదొక్కటే. "అలాగా," అన్నాడు గట్టన్న. ఇంకేమంటాడు? గేటు దాటాడు.

బస్సు స్టాపులో మేస్త్రీ ఉన్నాడు. రోజూ ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి స్తంభానికి ఆనుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

"అన్నా, నా సెట్టు..."

"బ్యాటరీ అయిపోయింది. తెలుసు."

"అవునన్నా."

ఇద్దరూ రోడ్డువైపు చూశారు. దూరంగా బస్సు కనపడింది. మేస్త్రీ ఇది ఎక్కితే మళ్లీ ఎప్పుడు కనపడతాడో తెలియదు. గట్టన్న డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అంత ఎత్తున గాలికి క్రేను ఊగినప్పుడు కూడా ఆయనకు అంత భయం వెయ్యలేదు.

"తమ్ముడూ. రేపు మీ ఇంటికి రానా?"

మేస్త్రీ తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్లు ఎక్కడ కనపడతాయోనని గబుక్కున ముఖం తిప్పుకున్నాడు.

"రా అన్నా, దానికి అడగాలా," అని గొణిగి, బస్సు ఆగీ ఆగకముందే ఎక్కి జనంలో కలిసిపోయాడు.

బస్సు కదిలింది. గట్టన్న ఒక్క క్షణం నిలబడిపోయాడు. ఆవిడ పోయినప్పుడు కూడా అందరూ ఇదే మాట అన్నారు. ఎప్పుడైనా రా, దానికేం. ఎక్కడికి రావాలో ఒక్కడూ చెప్పలేదు. ఇన్నాళ్ల స్నేహంలో మేస్త్రీ తల్లి తిట్లు తెలుసు, పిల్లల అల్లరి తెలుసు. ఇల్లెక్కడో తెలియదు.

పరుగెత్తాడు. ఈ వయసులో, ఒక చేతిలో డబ్బా గలగలలాడుతుంటే, పడుతూ లేస్తూ పరుగెత్తాడు. బస్సు పక్కకు చేరి రేకుమీద దబదబా బాదాడు. కిటికీలోంచి మేస్త్రీ తల బయటికి వచ్చింది.

"ఏంటన్నా? ఏమైంది?"

"ఇల్లెక్కడో చెప్పి చావరా!" అని అరిచాడు గట్టన్న. రోడ్డుమీద జనం ఆగి చూశారు. చూస్తే చూడనీ. "నాకు మీ ఇల్లు తెలీదు! రేపు నేను ఒక్కణ్ణే ఉండలేనురా! నావల్ల కాదు!"

మేస్త్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. నడుందాకా కిటికీలోంచి బయటికి వంగాడు. "ఆఖరి స్టాపులో దిగన్నా! పిండిమిల్లు పక్క సందు! నీలం తలుపు!" బస్సు వేగం అందుకుంది. అతని గొంతు ఇంకా వస్తూనే ఉంది. "పొద్దున్నే వచ్చెయ్యి! నువ్వొచ్చేదాకా తినం!"

గట్టన్న ఆగిపోయి, మోకాళ్లమీద చేతులు వేసుకుని రొప్పాడు. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఎదురుగా వచ్చేవాళ్లు తప్పుకుని దారి ఇస్తుంటే, ఆ మాటలే పైకి అనుకుంటూ ఇంటివైపు నడిచాడు. ఆఖరి స్టాపు, పిండిమిల్లు పక్క సందు, నీలం తలుపు. ఒక్క ముక్క మర్చిపోయినా రేపు మళ్లీ ఆ గోడే గతి.