తొట్టికి ప్రదక్షిణం

మా కొడుకు గుణశేఖర్ ఆ తొట్టిని తెచ్చిన రోజే దాన్ని స్వర్ణముఖి ఏట్లో పారేసుంటే నాకింత కోపం వచ్చేది కాదు. తిరుచానూరులో ఒక లాడ్జీవాళ్ళు గదులు కొత్తగా చేయించుకుంటా పాత సామాన్లు అమ్మేస్తా ఉంటే, మావాడు పోయి పోత ఇనుముతో చేసిన బాత్ టబ్బు ఒకటి కొనుక్కొచ్చినాడు. నేను తొట్టి అనే అంటా. ఎద్దులు కుడితి తాగేదీ తొట్టే, మనుషులు కాళ్ళు చాపుకోని పడుకునేదీ తొట్టే. మేడపైకి ఎక్కించేటప్పుడు తాళ్ళు తెగి అది మెట్ల మీద కూర్చుంటే తిరపతంతా అదిరింది. కొండమీద గంటలు వాటంతట అవే మోగినాయని చెప్తారు. చెప్పేది నేనే అనుకోండి.

దాన్ని స్నానాల గదిలో పెట్టి చుట్టూ ఇటుకలు కట్టి, సిమెంటు పోసి, పైన పలకలు అతికించినారు. గదిలో నీళ్ళన్నీ ఆ తొట్టి అడుగు బొక్కలోంచే పోవాల. ఇంకో దారి పెట్టాలని మా బీకాం చదివినోడికి తోచలేదు. మా ఇంటామె శకుంతలమ్మకు మోకాళ్ళ నొప్పులు. వేణ్ణీళ్ళలో కూర్చుంటే సుఖంగా ఉండాది అనింది, సరే అని ఊరుకున్నా. నీళ్ళు వదిలితే మాత్రం శ్రీహరికోటలో రాకెట్టు లేచినట్టు శబ్దం. పక్కింటోళ్ళు బయటికొచ్చి ఆకాశం వైపు చూసేవాళ్ళు.

ఇట్లుండగా పూతలపట్టు నుంచి శకుంతలమ్మ వైపు చుట్టాలు వచ్చినారు. కొండెక్కి గుండ్లు కొట్టించుకోని, గంధం పూసుకున్న ఆ గుండ్లతోనే వచ్చి, ఒకరి తర్వాత ఒకరు తొట్టిలో మునిగినారు. ఆ గంధమంతా అడుక్కి పోయి ముద్ద కట్టింది. నీళ్ళు కదల్లేదు. మా గుణశేఖర్ నన్ను ఒక మాట అడగొచ్చు కదా? అడగలేదు. గడ్డపార తెచ్చి పొడిచినాడు. బొక్కకుండే ఇత్తడి రింగు పగిలింది, దాంట్లో అడ్డంగా ఉండే పుల్లలు విరిగినాయి. నీళ్ళు పైపులోకి పోయేది సగం, పైపు పక్కనుంచి కిందికి కారేది సగం.

కింద ఉండేది మా తమ్ముడు చిన్నబ్బ. ఆ పైపు స్లాబు దాటి వాడి వెనక వసారాలో దిగతాది. చిన్నబ్బది పూల వ్యాపారం. మా నాయన కాలం నుంచి శుక్రవారం తెల్లారేసరికి తిరుచానూరు అమ్మవారికి ఒక బుట్ట పూలు మా ఇంటినుంచి పోతాయి. ఇప్పుడు ఆ పని వాడిది. గురువారం నాడు వాడు వసారాలో చామంతుల బుట్ట పెట్టుకోని ఉంటే, మా చుట్టాల గుండ్లు కడిగిన నీళ్ళు దాంట్లో కారినాయి.

నేనూ వాడూ మాట్లాడుకోము. వాడు నాకేదన్నా చెప్పాలంటే వాడి స్కూటరుతో చెప్తాడు, నేను వినాల. నేను వాడికి చెప్పాలంటే మా మెట్ల మీద కట్టేసుండే కుక్కతో చెప్తా, వాడు వినాల.

బుట్టెడు పూలు వీధిలో కుమ్మరించి, వాకిట్లో నిలబడి అరిచినాడు: "ఏమే స్కూటరూ! పైన దున్నపోతులు పొర్లిన నీళ్ళు నా తల్లి పూల మీద కారినాయి. పొద్దున్నే సమ్మెటలోళ్ళని పిలిపిస్తా. ఆ తొట్టిని ముక్కలు సేసి పాతినుము కొనే గుజిరీకి ఏస్తా. ఎవుడొస్తాడో సూస్తా!"

"కుక్కా! ఆ సమ్మెట నా గడప దాటిందంటే మోసినోని కాళ్ళు, పంపినోని కాళ్ళు ఇరగ్గొడతానని చెప్పు వానికి!"

కుక్క పైకీ కిందికీ చూసి పడుకునింది.

నా వెనక గుమ్మంలో మా కోడలు లోహిత నిలబడుండాది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోని, "మామా, నిజంగా సమ్మెట తెస్తారా?" అనింది. మొగంలో నెత్తురు లేదు.

"తెస్తే ముందు నా తలమీద కొట్టాల" అన్నా.

ఆ పిల్లకు నాలుగో నెల. కడుపుతో ఉండే ఆడబిడ్డ ఇంట్లో ఉంటే గోడ పగలగొట్టకూడదు, గుంత తవ్వకూడదు. పోయినసారి ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడు చిన్నబ్బ అంగడికి షట్టరు పెడతానని కింద గోడ పగలగొట్టించినాడు. ఆ వారంలోనే కడుపు పోయింది. గోడకీ దానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఉండాదో లేదో నాకు తెలీదు. లోహిత మాత్రం ఎవరన్నా మేకు కొట్టినా ఉలిక్కిపడతాది. ఆ పొద్దు నేను వాడి గుమ్మం కాడ నిలబడి హంతకుడా అన్నా. అప్పటినుంచి మాకు స్కూటరూ కుక్కే దిక్కు. ఈసారి ఐదో నెల వచ్చేదాకా బయట మాట పొక్కనీయకూడదని శకుంతలమ్మ అందరిచేతా ఒట్టు వేయించుకునింది.

ప్లంబరును పిలిపిస్తే వాడు తొట్టిలోకి తొంగిచూసి, "తొట్టి లేపాల పెద్దాయనా. లేపాలంటే ఇటుకలు పగలగొట్టాల" అన్నాడు.

"పగలగొట్టకుండా సెయ్యి."

"అట్లయితే మీరు స్నానం మానెయ్యండి."

నేను వాణ్ణి తిట్టిన తిట్లకు గోడమీద సున్నం రాలింది. వాడు దిగిన దిగుడుకి పైపు రెంచి కింద చిన్నబ్బ వాకిట్లో పడిపోయింది, ఏరుకోకుండా పోయినాడు.

గుణశేఖర్ని గాంధీ రోడ్డుకి తరిమి కొత్త ఇత్తడి రింగు, రబ్బరు వాషరు, పుట్టీ తెప్పించినా. పంచె ఎగ్గట్టి నేనే తొట్టిలో దిగినా. పుల్లలు విరిగిపోయి పాత రింగుకు పట్టు లేదు. హ్యాక్సా బ్లేడుతో అంచున రెండు గాట్లు కోసి, గాటుకు ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టినా, పిల్లకి వినపడకుండా. రింగు కదిలింది. కదిలితే ఏం లాభం? దాంతోపాటు కింద పైపు కూడా తిరగతా ఉండాది. కింద ఎవరన్నా పట్టుకుంటేగానీ మర ఊడదు.

"ఎవుర్రా నా వసారాలో పైపు తిప్పేది?" బొక్క సందులోంచి చిన్నబ్బ గొంతు.

కుక్క దగ్గర్లో లేదు. నేరుగా మాట్లాడాల్సి వచ్చింది.

"నేనే! పట్టుకోరా దాన్ని!"

"నేనెందుకు పట్టుకోవాల?"

"అయితే మా గుణశేఖర్ని పంపిస్తా, వాడు పట్టుకుంటాడు."

"మీ మనిషి నా వసారాలో కాలు పెట్టినాడంటే ఆ కాలు ఆడ్నే ఉంటాది!"

"అయితే నువ్వే పట్టుకుని సావు! నీ వాకిట్లో రెంచి పడుండాది. నేను ప్రదక్షిణానికి ఎదురు తిప్పతా. నువ్వు గుళ్ళో తిరిగినట్టు ప్రదక్షిణంగా తిప్పు."

వాడు తిట్టుకుంటా స్టూలు ఎక్కిన శబ్దం వినిపించింది. ఇద్దరం తిప్పినాము. పైపు కిర్రుమనింది, రింగూ పైపూ కలిసి గిర్రున తిరిగినాయి, మిగిలిన మురుగు వాడి నెత్తిన పడింది.

"థూ! ప్రదక్షిణం తిప్పినా కదా!"

"ప్రదక్షిణమా నీ మొగమా! నాతోపాటే తిరగతా ఉండావు!" అన్నానే గానీ, అప్పుడు తట్టింది. "రేయ్, నువ్వు కిందినుంచి పైకి సూస్తా ఉండావు. నీ ప్రదక్షిణం నాకు ఎదురైతాది. నువ్వు అప్రదక్షిణం తిప్పు."

"తిప్పను."

"ఏమి రోగం?"

"రేపు తల్లికి పూలు మోసే సెయ్యి ఇది. దీంతో అప్రదక్షిణం తిప్పాల్నా, శవం సుట్టూ తిరిగినట్టు?"

నా ఒళ్ళు మండిపోయింది. "శవమంటావురా! ఈ ఇంట్లో బిడ్డ కడుపుతో ఉంటే శవం మాట ఎత్తుతావా నా కొడకా!"

అన్నాక నాలుక కరుచుకున్నా. గుమ్మంలో శకుంతలమ్మ నన్ను చూసిన చూపుకి తొట్టి కరిగిపోవాల.

కింద స్టూలు కిర్రుమనింది.

"ఎవురు? లోహితా?"

"కాదు, నేను!"

"నువ్వు మనిషివేనా?" వాడి గొంతు అట్లా పగలడం నేనెప్పుడూ వినలేదు. "సమ్మెటలోళ్ళకి మాట సెప్పొచ్చినా నేను! తెల్లారితే వస్తారు! పోయినసారీ నాకు సెప్పలేదు, ఈసారీ సెప్పలేదు. నాసేత పగలగొట్టించి, మళ్ళా నా గుమ్మం కాడికొచ్చి హంతకుడా అందామనా? సెప్పుంటే నేను గోడ మీద సెయ్యి ఏసుందునా? సెప్పు, ఏసుందునా?"

నేను ఉలిని మళ్ళా గాటుకు ఆనించినా.

"రెంచి పట్టుకునుండావా?" అన్నా.

"పట్టుకునే ఉండా!" అని అరిచినాడు.

"తిప్పు."

తిప్పినాడు. అప్రదక్షిణమే. టంగుమని మర ఊడి, పాత రింగు నా చేతికొచ్చింది. కొత్తదానికి పుట్టీ పెట్టి, వాషరు కూర్చి దించినా. బిగించేటప్పుడు నేనూ ప్రదక్షిణం, వాడూ ప్రదక్షిణం. "ఇప్పుడు సక్కంగుండాది" అని కింద గొణిగినాడు. పైపు గట్టిగా బిగుసుకునేదాకా ఇద్దరం తిప్పతానే, తిట్టుకుంటానే ఉన్నాము.

తొట్టి నిండా నీళ్ళు పట్టినాము.

"వదిలేదా?" అన్నా.

"ఉండు. బుట్ట పెడతా."

"ఏం బుట్ట?"

"తల్లి బుట్ట. కొత్త పూలు తెప్పించినా. సరిగ్గా పైపు కింద పెడతా ఉండా."

"తీసెయ్ రా! తిక్క పట్టిందా నీకు? తీసెయ్!"

"తీయను. ఒక్క సుక్క పడిందంటే ఆ సమ్మెట తొట్టికి కాదు, నీకు. వదులు!"

బిరడా లాగినా. రాకెట్టు లేచింది. నీళ్ళు సుడి తిరిగి, గురగురమని, చివరికి కడుపు నిండినోని మాదిరి ఒక తేపు తేపి అయిపోయినాయి.

"ఏమిరా?" అన్నా. "రేయ్ చిన్నబ్బా! కారిందా?"

వాకిట్లోంచి వినిపించింది: "ఏమే స్కూటరూ! తల్లి బుట్టలో సుక్క పడలేదు. పద, ఆ సమ్మెటలోళ్ళని రావద్దని సెప్పొస్తాం. ఆ పైనుండే ముసలోనికి సెప్పు, కడుపుతో ఉండే పిల్ల ఎక్కి దిగే మెట్ల మీద ఎవురన్నా కుక్కని కట్టేస్తారా అని!"

స్కూటరు కోపంగా పోయింది. నేను దిగిపోయి కుక్కను పెరట్లో కట్టేసినా. దానికేమీ చెప్పలేదు.