అవునుకు సమానంగా

పొద్దటి గిన్నెలు కడిగి బోర్లించాక ఉమాదేవి పడగ్గదిలోని గోడ అల్మారా తెరిచి, మొగుడి చొక్కాలను చెరో పక్కకూ జరిపి, మధ్య సందులో చిన్న పీట వేసుకుని కూర్చునేది. ఏసీ కట్టేసి, తలుపు లోపలినుంచి దగ్గరికి లాక్కునేది. జెద్దాలో ఆగస్టు నెలలో ఏసీ లేని అల్మారా అంటే ఇడ్లీ పాత్రే. అయినా చుట్టూ గుడ్డలుంటేనే ఫోన్ రికార్డింగులో గొంతు గింగురుమనకుండా వస్తుందని సంధ్య చెప్పింది. ఆ గుడ్డలన్నీ నాగేందర్‌వే. ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు పెట్టి తగిలించింది ఆమే. పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతడికి సంబంధించినదేదైనా ఆమె మాటకు సాయపడిందంటే అది ఆ చొక్కాలే.

సంధ్య ఉండేది హైదరాబాదులో. పుస్తకాలనూ సర్కారు కాగితాలనూ గొంతుతో చదివించే కంపెనీలో పని. ఈసారి వాళ్ళకు అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి పని వచ్చింది. అక్కడ ఓటంటే మనిషికే కాదట. ఇంటి అద్దెలకు హద్దు పెట్టాలా, బడులు కట్టడానికి అప్పు తేవాలా అని జనాన్నే నేరుగా అడుగుతారట. అడిగే ముందు సర్కారే ఒక పుస్తకం అచ్చువేసి ఇంటింటికీ పంపుతుంది. ప్రశ్న ఏమిటి, అవునంటే ఏమవుతుంది, కాదంటే ఏమవుతుంది, అవునన్న వాళ్ళ వాదన, కాదన్న వాళ్ళ వాదన. కంటిచూపు ఆనని తెలుగు ముసలివాళ్ళ కోసం ఆ పుస్తకాన్ని చదివే గొంతు ఉమాదేవిది. పెళ్ళికి ముందు ఆదిలాబాదు రేడియోలో పత్తి ధరలూ వాన కబుర్లూ చదివిన గొంతు. ఇంట్లోనే కూర్చుని చేసేది కదా, బయటికి పోయేది లేదు కదా అని నాగేందర్ ఒప్పుకున్నాడు. "రేడియోల ఎట్లనో ఏడ్చినవ్, గిక్కడ గూడ ఏడువు" అన్నాడు. దాన్ని ఒప్పుకోవడమే అనుకుంది.

మొదటి వారంలోనే సంధ్య ఫోన్ చేసింది.

"ఉమగారూ, గొంతు చాలా బావుందండీ. ఒక్కటే ఇబ్బంది. మీ 'అవును' నిండుగా ఉంది, 'కాదు' పడిపోతోంది."

"పడిపోవుడంటే?"

"అవును అనేటప్పుడు గొంతు నిలబడుతోంది. కాదు అనేటప్పుడు ఏదో తప్పు చేసినట్టు కిందికి జారుతోంది. వినేవాళ్ళకు మనం ఒక పక్కకు తోస్తున్నట్టు ఉంటుంది. వాళ్ళు దీన్ని అస్సలు ఒప్పుకోరండీ. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఇంకోసారి చదివి పంపుతారా?"

చదివి పంపింది. తిరిగొచ్చింది. మళ్ళీ చదివింది. ఫోన్ తెర మీద తన మాట గీతలుగా కనపడుతుంది. అవును దగ్గర గీతలు తాటాకుల్లా విచ్చుకుంటున్నాయి, కాదు దగ్గర గడ్డిపోచల్లా వాలుతున్నాయి. రెండు అక్షరాల మాట ఎందుకు నిలబడదని ఆమె అల్మారాలో చెమటతో తడిసిపోతూ, కోపంతో మళ్ళీ మళ్ళీ అనుకుని చూసింది. కాదు. కాదు. కాదు. ఎదురుగా మొగుడి చొక్కా చెయ్యి వేలాడుతుండేది. కళ్ళు మూసుకుని చెప్పినా వాలిపోయేది.

ఎందుకో ఆమెకు తెలియనిదా! ఆ ఇంట్లో ప్రతి రగడా ఒకే ప్రశ్నతో ముగిసేది. చెంప మీద కొట్టాక, జుట్టు పట్టి గోడకేసి నెట్టాక, ఒకసారి కాలుతున్న ఇస్త్రీపెట్టెను మోచేతికి ఆనించి పట్టుకుని, నాగేందర్ రొప్పుతూ అడిగేవాడు: "తప్పు నీదే. అవునా, కాదా?" అవును అనేదాకా ఇస్త్రీపెట్టె కదిలేది కాదు. అవును అన్నాక అతడి ముఖం ప్రశాంతంగా మారేది. టీ పెట్టమనేవాడు. మోచేతి మచ్చ చూసి ఆమె తల్లి వలవలా ఏడ్చి, "అవునంటే పోతది గద బిడ్డా, ఒక్క మాట, నోరేమన్న అరిగిపోతదా?" అంది. అత్త ఫోన్‌లో ఇంకా తేల్చేసింది. "పరాయి దేశంల ఎండకు ఎండుతడు. అరబ్బోడు తిడితె పడుతడు. ఆ కోపం ఇంటికొచ్చి పెండ్లం మీద గాక ఎవరి మీద తీస్తడే?" హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు మాత్రం సెలవులకు జెద్దా రమ్మంటే రాదు. నాగేందర్ అయితే ఎప్పుడూ ఒకటే అనేవాడు. "నీ ఇఖామా, గీ దేశంల ఉండే కాయితం, నా పేరు మీద. ఊరికి పోవాలంటె నేను ఫోన్ల పర్మిషన్ నొక్కాలె. నన్ను కాదంటే ఇంకెవడున్నడే నీకు?"

నిజమే, ఇంకెవరూ లేరు. ఇంకెవరూ లేనప్పుడు ఉన్నవాడే ఉండాలని ఆమె కూడా అనుకుంటూ వచ్చింది.

పుస్తకం చివరి భాగంలో జడ్జీలు వచ్చారు. అక్కడ ఆమె చదవడం ఆపి, ఆ పేజీని మొదట తనకోసం చదువుకుంది. కొన్నేళ్ళకొకసారి జడ్జీని కూడా జనం ముందు పెడతారట. ఈ జడ్జీ రెండు పక్షాల మాటా పూర్తిగా వింటాడా? కోపాన్ని అదుపులో పెట్టుకుంటాడా? బలహీనులతో మర్యాదగా ఉంటాడా? అతడి కోర్టుకు వచ్చిపోయిన వాళ్ళనందరినీ అడిగి, వాళ్ళు చెప్పింది అచ్చువేస్తారట. కింద ఒకే పేరు. ఒకే ప్రశ్న. ఈ న్యాయమూర్తి ఈ పదవిలో కొనసాగాలా? అవును. కాదు.

పోటీలో ఇంకో పేరు లేదు. అచ్చుతప్పేమో అనుకుని సంధ్యను అడిగింది.

"తప్పు కాదండీ. అక్కడ పోటీ ఉండదు. ఈ మనిషి ఉండాలా వద్దా అన్నదొకటే ప్రశ్న."

"మరి కాదంటె? ఇంకెవరున్నరు?"

"ఎవరూ లేరు. కాదు అన్నవాళ్ళు ఎక్కువైతే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. అంతే."

ఉమాదేవి ఫోన్ పెట్టేసి ఆ పేజీని మళ్ళీ తీసింది. ఇంకెవరున్నారో చెప్పకుండానే కాదు అనొచ్చన్నమాట. కుర్చీ ఖాళీగా ఉంటే ఉంటుంది. ఖాళీ కుర్చీ జుట్టు పట్టుకోదు.

మర్నాడు ఆ పేజీనే చదువుతోంది. నాగేందర్ కట్టుబడి సైటులో సేఫ్టీ సూపర్‌వైజర్. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని అక్కడ నియమం. ఆ వేళకు కూలీలను షెడ్డులోకి తోలి అతడు ఆఫీసులోనే తినేవాడు. ఆరోజు పెద్ద ఇంజనీరు నలుగురిలో ఏదో అన్నాడట. తిండి మానేసి ఇంటికొచ్చాడు. తలుపు చప్పుడు ఆమెకు వినపడలేదు. ఏసీ లేదు, బియ్యం కుక్కర్లో పడలేదు, పడగ్గదిలోంచి పెళ్ళాం గొంతు. నిలకడగా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, ఎన్నడూ తనతో మాట్లాడనంత ధైర్యంగా.

అల్మారా తలుపు భళ్ళున తెరుచుకుంది. వెలుతురు కళ్ళలో పొడిచింది.

"ఎవనితోనే ముచ్చట?"

"ఎవ్వరు లేరు. గీ పేజి..."

మాట పూర్తి కాలేదు. జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు. పీట తిరగబడి మోకాలికి తగిలింది. హ్యాంగర్లు టకటకా రాలి, ఇస్త్రీ చొక్కాలు ఆమె మీద పడ్డాయి. చేతికందిన హ్యాంగర్ తీసుకుని వీపు మీద, భుజాల మీద, ముఖానికి అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. అది విరిగితే ఇంకోటి తీశాడు. ఫోన్‌ను సైటు బూటు మడమతో తొక్కాడు. గాజు నలిగిన చప్పుడు అయ్యాక కూడా, సిగరెట్ ఆర్పినట్టు మడమను అటూ ఇటూ తిప్పాడు.

"నౌకరోళ్ళ ముంగట వాడు నన్ను అంటడు, ఇంటికొస్తె నువ్వు అల్మారల సొచ్చి రేడియో బెడతవ్. ఇగ గీ పని బంద్. అవునా, కాదా?"

అతడు ఎదురుచూశాడు. ఎదురుచూడటం కూడా ఆ కొట్టుడులో ఒక భాగమే, ఎప్పుడూ ఉండేదే. ఆమె నోరు అలవాటుగా అవును కోసం తెరుచుకుంది. కానీ పొద్దుటినుంచి అదే మాటను సాధన చేసిన నాలుక దాని దారిన అది వెళ్ళింది.

"కాదు."

వాలిపోయిన కాదే. గడ్డిపోచంత. సంధ్య అయితే తిప్పి పంపేది. అతడికి మాత్రం బాగానే వినపడింది. మెడ పట్టి ఎత్తి ఆమె ముఖాన్ని అల్మారా అంచుకేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మూడోసారి కింది పెదవి పంటికీ చెక్కకూ మధ్య నలిగి చీలిపోయింది. రక్తం గడ్డం మీదుగా కారి, కింద పడున్న తెల్ల చొక్కాలోకి ఇంకింది. ఆ మరక పోదు, ఉప్పునీళ్ళలో నానబెట్టాలి అని ఆమె తలలో ఎవరో అన్నారు. పడి తన్నులు తింటూ కూడా మరక గురించి ఆలోచించే ఆ ఎవరో మీద ఆమెకు అసహ్యం వేసింది.

తువ్వాలు రెండుసార్లు పిండినా రక్తం ఆగకపోయేసరికి నాగేందర్ కారు తీశాడు. సీటు పాడవకుండా ప్లాస్టిక్ కవరు పరిచాడు.

"బాత్రూంల జారి పడ్డవ్. నేను మాట్లాడుత, నువ్వు తలకాయ ఊపు" అన్నాడు. సైటులో ఎవరికి దెబ్బ తగిలినా ఎలా తగిలిందో రాసేది అతడే. కాగితంలో తప్పు కంపెనీది కాకుండా, కూలీదే అయ్యేలా రాయడంలో అతడికి మంచి పేరుంది.

ఆసుపత్రిలో డాక్టరు సూడాను ఆవిడ. నల్లటి వెడల్పు ముఖం, తల చుట్టూ బూడిదరంగు గుడ్డ. నాగేందర్ ఇంగ్లీషులో బాత్రూము, సబ్బు, టైల్స్ అని చెబుతుంటే విన్నది. ఉమాదేవి భుజాల మీది వాతలు చూసింది. మోచేతి మీది పాత మచ్చ, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో ఉన్నదాన్ని వేలితో తడిమింది. అతడిని తెర బయట నిలబడమని చెప్పి, పోనని మొండికేస్తే సెక్యూరిటీ మనిషిని కేకేసింది. తర్వాత నర్సును పిలిచింది. పేరు షబానా, రాయచోటి పిల్ల.

"అక్కా, నీది తెలుగేనంట కదా? ఇను" అంది షబానా, మంచం పక్కన వంగి. "డాక్టరమ్మ అడిగేది ఒకటే. నీళ్ళగదిలో జారి పడినావా? అవునా, కాదా? రెండిట్లో ఏదో ఒకటి రాసుకోవల్ల ఆయమ్మ. ఏదంటే ఏమైతాదో చెప్తా. అవునంటే, కుట్లేసి, మాత్రలిచ్చి మీ ఆయనతో ఇంటికి పంపుతాము. మళ్ళా ఎవురూ ఏమీ అడగరు. కాదంటే, ఆయమ్మ పోలీసోళ్ళకు రాస్తాది, రాయాల్సిందే. ఆడోళ్ళు వచ్చి నిన్ను వేరే తావున పెడతారు. మీ ఆయన్ను పిలిపిస్తారు. ఆయన ఉద్యోగం ఉంటాదో పోతాదో, నీ ఇఖామా ఏమైతాదో, ఇండియాకు ఎన్నాళ్ళకు పోతావో నాకు తెలీదు. తెలీనిది తెలుసని చెప్పను. ఏదనమని కూడా చెప్పను, అది నీ ఇష్టం."

ఉమాదేవి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అవునుకెంత సేపు తీసుకుందో కాదుకూ అంత సేపు తీసుకుంది. బెదిరించలేదు, బతిమాలలేదు. గొంతు ఏ పక్కకూ వాలలేదు. కాదంటే ఏమవుతుందో తనకు ఇంతవరకూ ఎవరూ చదివి వినిపించలేదు. తల్లి వినిపించింది అవును పేజీనే, అత్త వినిపించింది అదే. కాదు పేజీ వచ్చేసరికి అందరూ గబుక్కున పుస్తకం మూసేసి, అమ్మో అన్నారు. ఆ అమ్మోకి భయపడి తను పద్దెనిమిదేళ్ళు బతికింది. ఇప్పుడు విన్నాక, భయం లేకపోలేదు. పోలీసులు, తెలియని గది, తెలియని ఆడవాళ్ళు, ఊళ్ళో అత్త వేసే శాపనార్థాలు, కూతురి ఫీజు. అన్నీ ఉన్నాయి. కానీ అవన్నీ ఆ పేజీలో రాసి ఉన్నాయి. అవును పేజీలో రాసి ఉన్నది అల్మారా అంచు.

ఆమె తెర వైపు చూసింది. తెర కింద సైటు బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎడమ బూటు మడమలో ఫోన్ గాజుముక్క ఒకటి ఇరుక్కుని మెరుస్తోంది. నన్ను కాదంటే ఇంకెవడున్నడే?

ఎవడూ లేడు. ఎవడూ ఉండక్కర్లేదు.

"ఏవా? లా?" అని డాక్టరు అరబ్బీలో మెల్లగా అడిగింది, అవునా కాదా అని. సూది మందు సిద్ధంగా పట్టుకుని నిలబడింది.

ఉమాదేవి మోచేతుల మీద లేచి కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. మైకు ముందు ఎలా కూర్చోవాలో ఆదిలాబాదులో ఇరవయ్యేళ్ళ వయసులో నేర్చుకుంది. గాలి పొట్టలోంచి తీసుకోవాలి, గొంతులోంచి కాదు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది, మింగేసింది. పక్కటెముకలు ఎక్కడెక్కడ దెబ్బతిన్నాయో ఊపిరి లోపలికి పోతూ ఒక్కొక్కటే చెప్పింది. ఆమె ఆగలేదు, నిండా తీసుకుంది.

"కాదు."

షబానా ఉలిక్కిపడింది. "అంత గట్టిగా వద్దులే అక్కా, నాకు ఇనపడతాది..." అని ఏదో అనబోయి, ఉమాదేవి చూపు తెర వైపు ఉండటం చూసి ఊరుకుంది.

తెర కింద బూట్లు ఆగిపోయాయి.